జనవరి 15న నీ గాదెలో ఎంత ఉంది?

2020 ఏప్రిల్ 20 అనగానే చాలామందికి గుర్తొచ్చేది చమురు ధర. ఆ సోమవారం అమెరికాలో బ్యారెల్ రేటు సున్నా కిందికి పడిపోయింది. సరుకు పట్టుకెళ్లేవాడికే ఎదురు డబ్బులిచ్చే పరిస్థితి. అదే రోజు మినెసోటా రాష్ట్రంలో నైరుతి మూలనున్న వర్తింగ్టన్ అనే చిన్న పట్టణంలో జేబీఎస్ కంపెనీ తన పందిమాంసం ప్లాంటు మూసేస్తున్నట్టు ప్రకటించింది. కార్మికులకి కరోనా పాకిపోయింది. రోజుకి 20 వేల పందుల్ని కోసే ప్లాంటు అది, రెండు వేల మందికి పైగా పనిచేస్తారు. వర్తింగ్టన్ ఉన్న నోబుల్స్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లాకీ మండలానికీ మధ్యరకం అనుకోండి) జనాభా మొత్తం కలిపితే 22 వేలు. మన దగ్గర ఒక పెద్ద మేజర్ పంచాయతీలో ఉండే జనం అంతే.

ఈ రెండు దెబ్బలూ తగిలింది ఒకే రైతుకి. అమెరికాలో పండే మొక్కజొన్నలో దాదాపు 40 శాతం పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కి పోతుంది. జనం కార్లు బయటికి తీయకపోతే పెట్రోల్ కదలదు, పెట్రోల్ కదలకపోతే ఇథనాల్ కదలదు, మొక్కజొన్న రేటు పడుతుంది. మిగిలిన మొక్కజొన్నలో పెద్ద భాగం పందులకీ పశువులకీ కోళ్లకీ దాణా. ఆ పందుల్ని కొనేవాడే గేటు మూసేశాడు.

పందుల షెడ్డు ఎలా నడుస్తుందో తెలియకపోతే ఆ గేటు మూత ఎంత పెద్ద దెబ్బో అర్థం కాదు. ఒక్కో షెడ్డులో 2,400 పందులు పట్టడం అక్కడ మామూలు. పుట్టిన ఆరు నెలలకి పంది 280 పౌండ్లకి, అంటే మన లెక్కలో 125 కిలోల పైకి వస్తుంది. ఆ వారమే అది లారీ ఎక్కాలి. ఎందుకంటే దాని చోటులోకి రావాల్సిన పిల్లలు ఇంకోచోట పాలు మరిచి సిద్ధంగా ఉంటాయి. వాటి వెనక ఇంకో ఈత. పంది చూలు 114 రోజులు, మధ్యలో ఆపే వీలు లేదు. లారీ రాకపోతే షెడ్డులోని పంది రోజుకి కిలో చొప్పున పెరుగుతూనే ఉంటుంది. బాగా బరువెక్కితే ప్లాంటులో లైను మీద పట్టదు, కొనేవాడు ధర కోస్తాడు. ఆ ఏప్రిల్, మే నెలల్లో రైతులు దాణాలో పీచు పెంచారు, షెడ్లలో వేడి పెంచారు. ఉక్కపోతకి పంది తక్కువ తింటుందని. పందులు పెంచి బతికేవాళ్లు పందులు పెరగకుండా చూసుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్ నెలాఖరుకి దేశం మొత్తం మీద పందులు కోసే సామర్థ్యం దాదాపు 40 శాతం తగ్గిపోయింది. వర్తింగ్టన్ ప్లాంటులో మాంసం లైను ఆగింది కానీ అమ్మడానికి వీల్లేని పందుల్ని చంపి పారేసే పనికి అదే ప్లాంటుని కొన్నాళ్లు వాడారు.

ఇలాంటి రైతులకి ప్రభుత్వం డబ్బిచ్చింది. చిన్న మొత్తం కాదు. ఆ డబ్బు ఎవరికి, ఏ లెక్కన, ఎప్పుడు అందిందో చూస్తే ఒక సంగతి తేలుతుంది. సాయం ముట్టింది సాగుచేసిన మనిషికి కాదు, ఒక ఫలానా తేదీన అమ్ముడుపోకుండా ఉన్న సరుకుకి. ఆ సరుకు ఎవరి పేరు మీద ఉంటే చెక్కు వాళ్ల పేరు మీద వచ్చింది.

ఒకే పథకం, రెండు సంచులు

పథకం పేరు కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్. రైతులు పొట్టిగా సీ-ఫ్యాప్ అన్నారు. 2020 ఏప్రిల్ 17న అప్పటి వ్యవసాయ మంత్రి సోనీ పెర్డ్యూ ప్రకటించాడు. మొత్తం 1,900 కోట్ల డాలర్లు. అందులో 300 కోట్లు ప్రభుత్వమే పాలు, కూరగాయలు, మాంసం కొని పెట్టెల్లో సర్ది పేదలకి పంచడానికి. మిగతా 1,600 కోట్లు నేరుగా రైతుల ఖాతాల్లోకి. అప్పటి మారకం రేటు 75 రూపాయల దరిదాపుల్లో ఉంది, కావాలంటే హెచ్చవేసుకోండి.

ఆ 1,600 కోట్లు ఒక చోటినుంచి రాలేదు. పథకం చిక్కుముడి పడింది అక్కడే. 950 కోట్లు కరోనా సాయానికి మార్చి 27న ట్రంప్ సంతకం చేసిన కేర్స్ చట్టం నుంచి వచ్చాయి. మిగతా 650 కోట్లు కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ అనే సంస్థ నుంచి. 1933లో, మహామాంద్యం రోజుల్లో పుట్టిన సంస్థ అది. వ్యవసాయ శాఖకి ఒక రకంగా ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా. ప్రతిసారీ పార్లమెంటు తలుపు తట్టకుండా 3,000 కోట్ల డాలర్ల దాకా అప్పు తెచ్చుకునే వీలుంది. మొదటి సంచిలో డబ్బు ఏప్రిల్ 15 లోపు జరిగిన నష్టానికి. రెండో సంచిలోది ఆ తర్వాత పేరుకుపోయిన సరుకుకి. అందుకని ఒకే పందికి, ఒకే బుషెల్ (అక్కడి ధాన్యం కొలత) మొక్కజొన్నకి రెండు రేట్లు పుట్టాయి.

నష్టం అంటే ఏమిటి? దానికీ ఒక కొలత పెట్టారు. జనవరి మధ్యలో ఉన్న ధరకీ ఏప్రిల్ మధ్యలో ధరకీ కనీసం 5 శాతం తేడా ఉంటేనే ఆ పంట జాబితాలోకి వస్తుంది. గోధుమనే తీసుకోండి. వసంతంలో విత్తే గట్టి ఎర్ర గోధుమ ధర అంత పడింది కాబట్టి లోపలికి వచ్చింది. శరదృతువులో విత్తే ఎర్ర గోధుమ అంత పడలేదు, బయటే ఉండిపోయింది. రెండూ గోధుమలే, పండించినవాళ్లిద్దరూ కరోనా చూసినవాళ్లే.

గాదె లెక్క

మొక్కజొన్న రైతుకి ఎలా లెక్కగట్టారో చూద్దాం. లెక్క కోసం నోబుల్స్ కౌంటీలో 500 ఎకరాల్లో మొక్కజొన్న వేసే ఒక రైతుని అనుకుందాం. ఎకరానికి 200 బుషెళ్లు వచ్చింది. బుషెల్ మొక్కజొన్న అంటే 25 కిలోల చిల్లర, కాబట్టి ఎకరానికి 50 క్వింటాళ్లు. అక్కడ అది వింతేమీ కాదు. 2019 పంట మొత్తం లక్ష బుషెళ్లు.

ఇప్పుడు అసలు ప్రశ్న: 2020 జనవరి 15న, ఎవరితోనూ రేటు కుదుర్చుకోకుండా, ఎంత సరుకు నీ గాదెలో ఉంది? గాదె అంటే అక్కడ ఇంటి పక్కన నిలబడి ఉండే గుండ్రటి ఇనప గాదెలు. మన రైతుకి 60 వేల బుషెళ్లున్నాయి. నిబంధన ప్రకారం పంటలో సగం, గాదెలో ఉన్నది, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది తీసుకోవాలి. అంటే 50 వేలు. దాంట్లో సగం, అంటే 25 వేల బుషెళ్లకి మొదటి సంచి రేటు 32 సెంట్లు. అదే 25 వేలకి రెండో సంచి రేటు 35 సెంట్లు. 8,000 డాలర్లూ 8,750 డాలర్లూ కలిపితే 16,750.

పక్క పొలంవాడికీ లక్ష బుషెళ్లే పండింది. కానీ అతను కోతల నాడే 90 వేలకి రేటు కుదుర్చేసుకున్నాడు. గాదెలో రేటు లేకుండా మిగిలింది 10 వేలు. అతనికి అదే లెక్కన వచ్చేది 3,350 డాలర్లు. కోత కాగానే మొత్తం అమ్మేసినవాడికి సున్నా.

వినగానే అన్యాయం అనిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే దాంట్లో తర్కం ఉంది. ముందే అమ్ముకున్నవాడికి ధర పడిన దెబ్బ తగల్లేదు కదా, తగలని దెబ్బకి మందెందుకు? నేనూ ఒప్పుకుంటాను. కానీ కోత కాగానే ఎవరు అమ్ముతారో మన ఊళ్లలో ఎవర్ని అడిగినా చెబుతారు. బ్యాంకు కిస్తీ మెడ మీద ఉన్నవాడు, దాచుకునే చోటు లేనివాడు అమ్ముతాడు. ధర పెరిగేదాకా ఆగేది గాదె ఉన్నవాడు, ఆగడానికి ఓపిక ఉన్నవాడు. ఆ విషయంలో మినెసోటా అయినా మిర్యాలగూడ అయినా ఒకటే. జనవరి 15 తేదీ ఆగగలిగినవాడి వైపు మొగ్గిన తేదీ.

పందుల లెక్క ఇంకోలా ఉంటుంది. జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 మధ్య అమ్మిన పందుల్లో 120 పౌండ్లు దాటినదానికి 18 డాలర్లు, అంతకంటే చిన్నదానికి 28. అవును, చిన్నదానికే ఎక్కువ. ఆ తర్వాత ఏప్రిల్ 16 నుంచి మే 14 మధ్య షెడ్డులో ఎక్కువ పందులున్న రోజు చూసుకుని తలకి 17 డాలర్లు. ఆ మొదటి మూడు నెలల్లో వెయ్యి పెద్ద పందులమ్మి, ఆనక 2,400 పందులు షెడ్డులో ఇరుక్కుపోయినవాడికి 18,000కి 40,800 కలిపి 58,800 డాలర్లు వస్తాయి. ఇక్కడ ఒక వింత గమనించాలి. వర్తింగ్టన్ ప్లాంటు మూతపడింది ఏప్రిల్ 20న. అసలు పీడకల మొదలైంది ఆ తర్వాతే. కానీ నష్టం కొలిచింది ఏప్రిల్ మధ్య దాకా పడిన ధరలతో. జబ్బు ముదరకముందు తీసిన ఎక్స్‌రే చూసి మందు రాసినట్టు.

పై మొత్తం కూడా ఒక్కసారి చేతికి రాలేదు. డబ్బు చాలకపోతే ఎలా అన్న భయంతో ముందు 80 శాతమే ఇచ్చి మిగతా 20 శాతం ఆగస్టులో విడుదల చేశారు. దరఖాస్తులు మే 26న మొదలై, గడువు పెంచాక, సెప్టెంబర్ 11 దాకా తీసుకున్నారు.

కౌంటీ ఆఫీసు, ఒక ఫోను

మినెసోటాలో 87 కౌంటీలు ఉన్నాయి. దాదాపు ప్రతి గ్రామీణ కౌంటీకీ ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ ఆఫీసు అందుబాటులో ఉంటుంది. దేశం మొత్తం మీద ఇవి రెండు వేలకి పైనే. ఆ ఆఫీసు మీద రైతులే ఓటేసి ఎన్నుకున్న కౌంటీ కమిటీ ఉంటుంది. ఎవరికి ఎన్నెకరాలు, ఏ చేలో ఏ పంట, ఎవరి దగ్గర ఎవరు కౌలుకి చేస్తున్నారు అన్నీ అక్కడ రికార్డు. మన రైతుసేవా కేంద్రం, తహసీల్దార్ ఆఫీసు, సొసైటీ మూడూ కలిపి ఒక గదిలో పెట్టినట్టు.

2020 వేసవిలో ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వలేదు. పనంతా ఫోను మీద, ఈమెయిల్ మీద. దరఖాస్తు ఫారం నంబరు ఏడీ-3114. దానితోపాటు ఆదాయం హామీ పత్రం, బ్యాంకు ఖాతా పత్రం, కోతకి గురయ్యే నేలలూ చిత్తడి నేలలూ పాడుచేయలేదన్న పత్రం. శాఖ వాళ్లు ఒక ఎక్సెల్ షీటు తయారుచేసి పెట్టారు. పందులు, బుషెళ్లు, తేదీలు నింపితే చివరి గళ్లో డాలర్లు కనిపిస్తాయి. ముఖ్యమైన సంగతేమిటంటే, అందులో రాసే అంకెలకి అప్పటికప్పుడు రుజువు అక్కర్లేదు. నేను రాసింది నిజమని సంతకం పెడితే చాలు. రసీదులు దాచుకోవాలి, తర్వాత తనిఖీకి వస్తే చూపాలి.

ఆ తొందర్లో అదే సబబు అనిపించవచ్చు. ప్రతి షెడ్డుకీ వెళ్లి పందుల్ని లెక్కపెట్టి చెక్కివ్వాలంటే 2020లో ఎవరికీ పైసా అందేది కాదు. కానీ ఆ వెనక చేయాల్సిన తనిఖీ గట్టిగా జరగలేదని, చెల్లింపుల్ని ఇంకా నిక్కచ్చిగా సరిచూడాలని అమెరికాలో మన కాగ్ లాంటి సంస్థ, గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్, 2022లో నివేదిక ఇచ్చింది.

ఒక్కొక్కరికి గరిష్ఠంగా 2 లక్షల 50 వేల డాలర్లు. కంపెనీగా నమోదై ఉండి, వాటాదారుల్లో ముగ్గురు ఏటా 400 గంటలకి తగ్గకుండా ఒంటి పనో యాజమాన్యం పనో చేస్తున్నట్టు చూపితే 7 లక్షల 50 వేల దాకా. సగటు ఆదాయం 9 లక్షలు దాటినవాళ్లకి లేదు, ఆ ఆదాయంలో 75 శాతం వ్యవసాయం నుంచే వస్తే మాత్రం ఉంది. ఈ 'మాత్రం'లోంచి చాలా పెద్ద కమతాలు దూరిపోయాయి.

రైతు ఎవరు?

మన వాళ్లు ఆసక్తిగా చూడాల్సిన భాగం ఇదే అని నా ఉద్దేశం.

అక్కడా కౌలు సాగు ఎక్కువే. రెండు రకాలు. ఎకరానికి ఇంత అని నగదు తీసుకునే కౌలు ఒకటి, పంటలో పాలు పంచుకునేది ఇంకొకటి. సీ-ఫ్యాప్‌లో నియమం సూటిగా ఉంది: ధర పడితే ఎవరికి నష్టమో వాళ్లే రైతు. నగదు కౌలు తీసుకునే భూస్వామికి పంట ధరతో పనిలేదు, అతని డబ్బు అతనికి వచ్చేస్తుంది. అతనికి సాయం లేదు, మొత్తం కౌలుదారుకే. పాలుకిచ్చినవాడు నష్టంలోనూ పాలివాడే కాబట్టి అతని వాటాకి సాయం.

ఇప్పుడు తెలంగాణ రైతుబంధు గుర్తు చేసుకోండి. 2018 మేలో మొదలైంది, ఎకరానికి సీజనుకి 4,000, ఆ మరుసటి ఏడు 5,000. ఎవరి పేరు మీద పాసుపుస్తకం ఉంటే వాళ్ల ఖాతాలోకి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ పొలం కౌలుకిచ్చినవాడికి వచ్చింది, ఆ పొలంలో అప్పు చేసి పత్తి పెట్టినవాడికి రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతుభరోసాని కౌలు రైతులకీ ఇస్తామన్నారు కానీ కొన్ని సామాజిక వర్గాలకి మాత్రమే, అదీ భూమి యజమాని ఒప్పుకుని సాగుదారు హక్కు పత్రం చేతికొస్తేనే. కేంద్రం సంగతికొస్తే, 2020 మార్చి 26న నిర్మలా సీతారామన్ 8.7 కోట్ల రైతులకి 2,000 చొప్పున ఏప్రిల్లో వేస్తామన్నారు. అది పీఎం కిసాన్ కింద ఎలాగూ రావాల్సిన కిస్తీ, ముందుకి జరిపారంతే.

భూమి కాగితాన్ని బట్టి కాకుండా నష్టాన్ని బట్టి రైతుని గుర్తించడం అమెరికా వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గదే. అయితే అదే నియమం ఇంకో చివరన కొందర్ని నిలువునా ముంచింది.

నోబుల్స్ చుట్టుపక్కల పందుల షెడ్లలో చాలావాటిలో పందులు షెడ్డు యజమానివి కావు. మన దగ్గర ఇంటిగ్రేషన్ కోళ్ల ఫారాలు తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. కోడిపిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, కూలి రైతువి. బరువుని బట్టి కంపెనీ పెంపకం డబ్బు లెక్కగడుతుంది. అక్కడ పందులకీ ఇదే పద్ధతి, షెడ్డులో ఎన్ని పందులకి చోటుందో దాన్నిబట్టి డబ్బు. పంది తనది కాదు కాబట్టి ధర పడితే తనకి నష్టం లేదని చట్టం భావించింది. కాగితం మీద నిజమే. కానీ కంపెనీ పిల్లల్ని వేయడం ఆపేస్తే షెడ్డు ఖాళీ. షెడ్డు మీద తీసుకున్న బ్యాంకు అప్పు మాత్రం ఖాళీగా ఉండదు. అదే షెడ్డులో అవే పందులు ఇరుక్కుపోతే 17 డాలర్లు పంది యజమానికి వెళ్లాయి, మేపినవాడికి ఏమీ రాలేదు.

వీళ్లని లోపలికి తేవడానికి 2020 డిసెంబర్ 27న వచ్చిన చట్టం కావలసి వచ్చింది. కోళ్లు, టర్కీలు, పందులు కంపెనీలకి పెంచేవాళ్లకి 2019తో పోలిస్తే 2020లో తగ్గిన రాబడిలో 80 శాతం దాకా ఇవ్వొచ్చని అందులో రాశారు. దాని విధివిధానాలు తేలేసరికి 2021 ఆగస్టు. దరఖాస్తు గడువు 2021 అక్టోబర్ 12. షెడ్డు ఖాళీ అయిన ఏడాదిన్నరకి.

కోళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. అమెరికాలో ప్లాంటు మూతపడి మాంసం దొరక్క ధర పెరిగితే, మన దగ్గర అంతకు రెండు నెలల ముందే చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుకి కోడి ధర కుప్పకూలింది. 2020 ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో కేటీఆర్, ఈటల, తలసాని వేదిక మీద నిలబడి చికెన్ ముక్కలు తిని చూపించారు. సాయంలో అదీ ఒక రకమే అనుకోవాలి.

రెండో విడత

సెప్టెంబర్ 17న ట్రంప్ విస్కాన్సిన్‌లోని మోసినీ అనే ఊళ్లో ఎన్నికల సభలో సీ-ఫ్యాప్ రెండో విడత ప్రకటించాడు. 1,400 కోట్ల డాలర్ల దాకా. పోలింగుకి అప్పటికి 47 రోజులుంది. నేనింకేమీ అనను, మన ఎన్నికల ముందు ఖాతాల్లో పడే డబ్బులు చూసినవాళ్లకి వేరే చెప్పాలా.

రెండో విడతలో గాదె ప్రశ్న తీసేశారు. అది మెచ్చుకోవాలి. మొక్కజొన్నకి 2020లో వేసిన ఎకరాలు, రైతు సగటు దిగుబడి, దాంట్లో 40 శాతం, బుషెల్‌కి 58 సెంట్లు. ఎకరానికి 200 బుషెళ్ల రైతుకి 46 డాలర్ల 40 సెంట్లు పడుతుంది. ఎంత తక్కువ వచ్చినా ఎకరానికి 15 డాలర్లకి తగ్గదు. పందులకి తలకి 23 డాలర్లు, ఏప్రిల్ 16 నుంచి ఆగస్టు 31 మధ్య రైతు తనకి నచ్చిన ఒక రోజు ఎంచుకుని ఆ రోజు లెక్క చెప్పొచ్చు. ఈతకి ఉంచుకున్న పందులు లెక్కలోకి రావు. మన 2,400 పందుల షెడ్డుకి ఇంకో 55,200.

కూరగాయలు, పండ్లు పండించేవాళ్లకి మొదటి విడత చిరాకు పుట్టించింది. టమాటా పౌండుకి ఇంత అని జాతీయ టోకు రేటు మీద లెక్క. సంతలో నేరుగా రెండింతలకి అమ్ముకునే చిన్న రైతుకి అది చిల్లర కిందే లెక్క, ఆ చిల్లర కోసం అన్ని కాగితాలు ఎవరు నింపుతారు? రెండో విడతలో 2019 అమ్మకాల మీద శాతం పెట్టారు: 50 వేల డాలర్ల లోపు అమ్మకాలకి 10.6 శాతం, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతూ పది లక్షలు దాటిన భాగానికి 8.8. ఏడాదికి 40 వేల డాలర్ల కూరగాయలమ్మిన కుటుంబానికి 4,240 డాలర్లు. ఒక ఆటోమొబైల్ రిపేరుకీ పిల్లల ఫీజుకీ సరిపోతుంది, అంతే. కానీ లెక్క ఒక్క గీతలో అయిపోతుంది.

ఆపైన డిసెంబర్ చట్టం ఇంకో పొర వేసింది. మొక్కజొన్న, సోయా లాంటి పంటలకి ఎకరానికి అదనంగా 20 డాలర్లు, పశువులకి రకాన్ని బట్టి కొంత. బైడెన్ వచ్చాక కొన్నాళ్లు ఆపి చూసి, 2021 మార్చిలో కొత్త మంత్రి టామ్ విల్సాక్ వీటిని విడుదల చేశాడు. ఈలోపు ఏం జరిగింది? 2020 శరదృతువు నుంచి చైనా కొనుగోళ్లు పెరిగాయి, ఆగస్టు 10న పక్క రాష్ట్రం అయోవాలో చేలని తుపాను గాలి పడగొట్టింది, మొక్కజొన్న ధర ఎగబాకింది. 2021 జనవరికి బుషెల్ 5 డాలర్లు దాటింది, మేలో 7 దాటింది. ధర పడిందని ఇస్తామన్న 20 డాలర్లు, ధర రెట్టింపైన నెలల్లో ఖాతాల్లో పడ్డాయి.

2018, 2019ల్లో చైనాతో వాణిజ్య గొడవలకి ఇచ్చిన పరిహారం అప్పటికే రైతులకి అలవాటు. 2019లో ఆ పరిహారం కౌంటీని బట్టి ఉండేది: ఎకరానికి 15 నుంచి 150 డాలర్లదాకా, కౌంటీకో రేటు. గట్టు ఇవతల ఒక రేటు, అవతల ఇంకోటి. సీ-ఫ్యాప్‌లో ఆ గీత పోయింది కానీ డబ్బు ధార ఆగలేదు. 2020లో అన్ని పథకాలూ కలిపి అమెరికా రైతులకి నేరుగా అందింది 4,600 కోట్ల డాలర్ల దరిదాపు, అప్పటిదాకా ఏ ఏడూ అంత లేదు. ఆ ఏడు దేశం మొత్తం నికర వ్యవసాయ ఆదాయంలో అది సగానికి దగ్గర్లో ఉంది. సీ-ఫ్యాప్ ఒక్కటే రెండు విడతలూ అదనాలూ కలిపి సుమారు 3,100 కోట్లు.

ఈ డబ్బు లేకపోతే నోబుల్స్ లాంటి చోట్ల ఎందరు పందుల పెంపకం మానేసేవాళ్లో ఊహించడం కష్టమేమీ కాదు. సాయం వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించను. పందులు చంపి పూడ్చిపెట్టినవాడికి ఆ 17 డాలర్లు పోయినదాంట్లో ఒక ముక్క మాత్రమే. నా అభ్యంతరం తేదీల మీద. ఒక తేదీ గాదె ఉన్నవాడికి కలిసొచ్చింది. ఇంకో తేదీ ప్లాంటు మూతకి ముందే కొలత ముగించింది. మూడోది ధరలు కోలుకున్నాక వచ్చింది.

వర్తింగ్టన్ ప్లాంటు మే 6న కొద్దిపాటిగా తిరిగి తెరుచుకుంది. మొదట జబ్బుపడ్డ కార్మికులే మళ్లీ లైను మీదికి వచ్చారు, వాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. వాళ్ల దగ్గర గాదె లేదు, షెడ్డు లేదు, జనవరి 15న చూపించడానికి ఏ సరుకూ లేదు. సీ-ఫ్యాప్ వాళ్లకోసం కాదు. మాంసం ప్లాంట్లలోనూ పొలాల్లోనూ పనిచేసినవాళ్లకి వ్యవసాయ శాఖ విడిగా ఒక పథకం ప్రకటించింది, 2021 సెప్టెంబర్లో. మనిషికి ఒకేసారి 600 డాలర్లు, స్వచ్ఛంద సంస్థలూ రాష్ట్రాల శాఖలూ పంచాలి. ముప్పై అయిదు పందులకి షెడ్డులో దొరికిన మొత్తం అది.